ఆవశ్యకత నుండి పరీక్ష వరకు: ఇంజనీరింగు ప్రాజెక్టులలో జాడ లంకెలు

ఇల్లు కట్టించుకొన్న ప్రతి కుటుంబానికీ ఈ అనుభవం ఉండే ఉంటుంది. పునాది వేసే రోజున మేస్త్రీకి పది మాటలు చెప్పుతాము. వంటగది నీరు పెరటి వైపు పోవాలి, మిద్దె మీద వాన నీరు నిలువరాదు, ధాన్యపు గదికి చెమ్మ తగలరాదు అని ఒక్కొక్కటిగా వివరిస్తాము. ఆయన అన్నిటికీ తల ఊపుతాడు. గృహప్రవేశం నాడు చూస్తే ఇల్లు బాగానే కనిపిస్తుంది. మొదటి పెద్ద వాన కురిసినప్పుడు మాత్రమే, ఆ పది మాటలలో ఏవో రెండు ఎక్కడో జారిపోయినట్లు తెలుస్తుంది. ఎక్కడ జారినవో చెప్పగలవారు ఎవరూ ఉండరు.

విమానం, రైలు సిగ్నలు, ఆసుపత్రిలోని పరికరం, బ్యాంకు కంప్యూటరు వంటి పెద్ద నిర్మాణాలలో ఇటువంటి మాటలు పది కాదు, వేల సంఖ్యలో ఉంటాయి. వాటిలో ఒక్కటి జారిపోయినా ప్రాణనష్టం, ధననష్టం కలుగవచ్చు. అందువలన ఇంజనీర్లు ఒక పద్ధతిని ఏర్పరచుకొన్నారు. కోరిన ప్రతి మాటకు ఒక సంఖ్య ఇచ్చి, ఆ మాట నెరవేరినదో లేదో తేల్చే పరీక్షను దానికి ముడివేసి, ఆ ముడిని ప్రాజెక్టు పూర్తి అయ్యే వరకు, ఆ తరువాత కూడా కాపాడుతారు. ఆంగ్లంలో దీనిని ట్రేసబిలిటీ అంటారు. తెలుగులో జాడ పట్టుట అనవచ్చు. ఆ ముడిని ఈ వ్యాసంలో జాడ లంకె అని పిలుచుకొందాము.

మన సరిహద్దు గ్రామాల నుండి ఇంజనీరింగు చదివి బెంగళూరు, హోసూరు, చెన్నై, పుణె, హైదరాబాదు నగరాలకు వెళ్ళిన పిల్లలలో చాలామంది టెస్టింగు పనిలో ఉన్నారు. "మా అబ్బాయి ఏదో టెస్టింగు చేస్తాడట" అని చెప్పే తల్లిదండ్రులకు ఆ పని ఏమిటో, అది ఎందుకు ముఖ్యమో తెలియజేయడం ఈ వ్యాసపు ఉద్దేశం. చివరి సంవత్సరం ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థులకు కూడా ఇది ఉపయోగపడగలదు.

రెండు పదాలు

ఆవశ్యకత అనగా, తయారు కాబోయే వస్తువు ఏమి చేయవలెనో, ఏ హద్దులలో చేయవలెనో తెలిపే వాక్యం. ఆంగ్ల నిర్దేశ పత్రాలలో ఇటువంటి వాక్యానికి 'షల్' అనే క్రియను వాడుతారు. మన భాషలో 'వలెను' దానికి సరిపోతుంది. 'చేయవలెను' అని వ్రాసినది తప్పనిసరి. 'చేస్తే మంచిది' అని వ్రాసినది సలహా మాత్రమే. ఈ రెండింటినీ కలిపివేస్తే ఏది పరీక్షించవలెనో తెలియకుండా పోతుంది.

పరీక్ష అనగా, ముందుగా నిర్ణయించిన పరిస్థితిని కల్పించి, ముందుగా వ్రాసుకొన్న ఫలితం వచ్చినదో లేదో చూడటం. ఫలితాన్ని ముందుగా వ్రాసుకొనకపోతే అది పరీక్ష కాదు, వేడుక చూడటమే.

జాడ లంకె ఈ రెండింటినీ కలుపుతుంది. ఇది రెండు దిక్కులా నడవాలి. ఆవశ్యకత నుండి పరీక్షకు పోతే, కోరినది అంతా పరీక్షింపబడినదా అని తెలుస్తుంది. పరీక్ష నుండి ఆవశ్యకతకు వెనక్కు వస్తే, ఈ పని ఎవరు కోరినారు, ఎందుకు కోరినారు అని తెలుస్తుంది. 1994లో ఓర్లీనా గోటెల్, ఆంథోనీ ఫింకెల్‌స్టీన్ అనే పరిశోధకులు తమ పత్రంలో ఈ భావానికి ఇచ్చిన నిర్వచనం నేటికీ వాడుకలో ఉన్నది. ఒక ఆవశ్యకత పుట్టుక మొదలు వినియోగం వరకు దాని జీవితాన్ని ముందుకూ వెనుకకూ అనుసరించగలగడమే జాడ పట్టుట అన్నది దాని సారాంశం.

ఉపాధ్యాయులకు తెలిసిన పద్ధతే

ఉపాధ్యాయ శిక్షణ పొందిన వారికి ఈ ఆలోచన కొత్తది కాదు. ప్రశ్నపత్రం తయారు చేసే ముందు బ్లూప్రింటు వేయాలని శిక్షణలో నేర్పుతారు. కన్నడ బడులలో దీనినే నీలనక్ష అంటారు. ఒక వైపు పాఠ్యాంశాలు, మరొక వైపు జ్ఞానం, అవగాహన, వినియోగం, నైపుణ్యం అనే లక్ష్యాలు వ్రాసి, గడులలో ఏ ప్రశ్న దేనికి సంబంధించినదో, దానికి ఎన్ని మార్కులో నింపుతాము. ఒక పాఠానికి ఎదురుగా గడులన్నీ ఖాళీగా ఉంటే ఆ పాఠం పరీక్షకు రాలేదని అర్థం. ఏ లక్ష్యానికీ చెందని ప్రశ్న మిగిలితే ఆ ప్రశ్న అక్కరలేదని అర్థం.

బ్లూప్రింటు లేకుండా ప్రశ్నపత్రం వ్రాసి, తరువాత దానికి తగినట్లు గడులు నింపడం కొందరు చేసే పని. అట్లు నింపిన పట్టికలో ఖాళీలు ఎన్నడూ కనిపించవు, ఎందుకనగా ఉన్న ప్రశ్నలకు సరిపోయేటట్లే దానిని వ్రాసి ఉంటారు. ఇంజనీరింగులో కూడా ఇదే జరుగుతుంది. జాడ లంకెలను మొదటి నుండి ప్రణాళికగా వేసుకోవాలే తప్ప, చివరి వారంలో తనిఖీ అధికారికి చూపడానికి నింపరాదు.

ఒక చిన్న ఉదాహరణ

గ్రామపు ఓవర్‌హెడ్ ట్యాంకుకు నీరు ఎక్కించే బోరు మోటారును తనంతట తాను నడిపి, ఆపే పరికరాన్ని ఒక విద్యార్థి బృందం తయారు చేస్తున్నదని ఊహించుకొందాము. వాటర్‌మన్ మాటలను, రైతుల మాటలను విని వారు ఈ ఆవశ్యకతలు వ్రాసుకొన్నారు.

ఆ-1: ట్యాంకు నిండిన 5 సెకన్లలోపు మోటారు ఆగవలెను.
ఆ-2: బోరులో నీరు అందనప్పుడు 10 సెకన్లలోపు మోటారు ఆగవలెను.
ఆ-3: మూడు ఫేజులలో ఏ ఒక్కటి లేకున్నా మోటారు మొదలు కారాదు.
ఆ-4: మోటారు నడుస్తుండగా ఒక ఫేజు పోయినచో 3 సెకన్లలోపు ఆగవలెను.
ఆ-5: కరెంటు పోయి వచ్చిన తరువాత 60 సెకన్లు గడిచే వరకు మోటారు మొదలు కారాదు.
ఆ-6: పరికరం చెడినప్పటికీ మోటారును చేతితో ఆపగల మీట ఉండవలెను.

ప్రతి దాని వెనుక ఒక కారణం ఉన్నది. నీరు లేకుండా తిరిగిన మోటారు వేడెక్కి చెడుతుంది. రెండు ఫేజుల మీద నడిచిన త్రీఫేజు మోటారు వైండింగు కాలుతుంది. కరెంటు వచ్చిన క్షణంలోనే ఒకే ట్రాన్స్‌ఫార్మరు కింద ఉన్న మోటార్లన్నీ మొదలైతే దాని మీద భారం ఒక్కసారిగా పడుతుంది.

ఇప్పుడు పరీక్షలు.

ప-1: ట్యాంకును నింపి, ఫ్లోటు పైకి లేచిన క్షణం నుండి మోటారు ఆగే వరకు కాలం కొలవడం. ఇది ఆ-1కు.
ప-2: నీరు అందని స్థితిని కల్పించి కాలం కొలవడం. ఇది ఆ-2కు.
ప-3: సరఫరా నిలిపి, ఒక్కొక్క ఫేజును విడదీసి, తిరిగి సరఫరా ఇచ్చి చూడటం. మూడు ఫేజులు కాబట్టి మూడు మార్లు. ఇది ఆ-3కు.
ప-4: ప్రయోగశాలలో మోటారు నడుస్తుండగా స్విచ్చి ద్వారా ఒక ఫేజును తప్పించడం. ఇదీ మూడు మార్లు. ఇది ఆ-4కు.
ప-5: కరెంటు తీసి తిరిగి ఇవ్వడం. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, నిండి ఉన్నప్పుడు ఒకసారి. ఇది ఆ-5కు, ఆ-1కు కూడా.
ప-6: ఫ్లోటు తీగ తెంపి ఏమి జరుగునో చూడటం.
ప-7: పరికరపు పెట్టె మీద ఉన్న దీపం రంగు మారినదో లేదో చూడటం.

ఈ రెండు జాబితాలను ఎదురెదురుగా పెట్టి పట్టిక వేస్తే మూడు విషయాలు బయటపడతాయి.

మొదటిది, ఆ-6కు ఎదురుగా ఏ పరీక్షా లేదు. అందరికీ తెలిసిన మీటే కదా అని ఎవరూ వ్రాయలేదు. ప్రమాదం జరిగిన రోజున అక్కరకు వచ్చేది ఆ మీటే.

రెండవది, ప-6కు వెనుక ఏ ఆవశ్యకతా లేదు. అయితే ఈ పరీక్ష వ్యర్థమైనది కాదు. ఎలుక కొరికి ఫ్లోటు తీగ తెగితే మోటారు ఆగాలా, నడవాలా అనే ప్రశ్నను ఎవరూ అడగలేదని అది చూపుతున్నది. ఇక్కడ తప్పిపోయినది ఆవశ్యకతే. దానిని వ్రాసి ఆ-7గా చేర్చాలి.

మూడవది, ప-7ను ఎవరూ కోరలేదు. దీపం రంగు ఎవరికైనా అవసరమా అని విచారించి, అవసరమైతే ఆవశ్యకతగా వ్రాయాలి, లేకుంటే పరీక్షను, దీపాన్ని కూడా తీసివేయవచ్చు.

పట్టిక లేనప్పుడు ఈ మూడింటిలో ఒక్కటీ కనిపించదు. పరీక్షలన్నీ నెగ్గినవని బృందం సంతోషిస్తుంది. ఈ పట్టికనే కంపెనీలలో ట్రేసబిలిటీ మ్యాట్రిక్స్ అని, పొట్టిగా ఆర్‌టీఎం అని పిలుస్తారు.

1996: వ్రాయని ఆవశ్యకత

పులికాట్ సరస్సు చుట్టుపక్కల గ్రామాల వారు శ్రీహరికోట నుండి రాకెట్టు ఎగరడం చూసే ఉంటారు. అటువంటి ప్రయోగ కేంద్రమే దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానాలో, కూరూ అనే చోట ఉన్నది. 1996 జూన్ 4న అక్కడి నుండి ఐరోపా దేశాల కొత్త రాకెట్టు ఏరియాన్ 5 మొదటిసారి ఎగిరింది. నేల విడిచిన సుమారు అర నిమిషంలో, దాదాపు 3700 మీటర్ల ఎత్తులో దారి తప్పి, విరిగి, పేలిపోయింది. దానిలో ఉన్న క్లస్టర్ అనే నాలుగు శాస్త్రీయ ఉపగ్రహాలు నాశనమైనాయి.

జాక్ లూయీ లియోన్స్ అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం ఆ సంవత్సరం జూలైలోనే నివేదిక ఇచ్చింది. రాకెట్టు తన స్థితిని, దిశను తెలుసుకొనే పరికరాన్ని, దానిలోని సాఫ్ట్‌వేరును పాత ఏరియాన్ 4 నుండి చాలావరకు అట్లాగే తెచ్చుకొన్నారు. ఆ సాఫ్ట్‌వేరు అడ్డ దిశ వేగానికి సంబంధించిన ఒక పెద్ద సంఖ్యను 16 బిట్ల చిన్న గడిలోకి మార్చబోయింది. ఆ గడిలో 32,767 వరకే పడుతుంది. ఏరియాన్ 5 అడ్డ దిశ వేగం పాత రాకెట్టు కంటే చాలా ఎక్కువ. సంఖ్య గడిలో పట్టలేదు. పరికరం నిలిచిపోయింది. బదులుగా పెట్టిన రెండవ పరికరంలోనూ అదే సాఫ్ట్‌వేరు ఉన్నందున, అది అంతకు క్షణం ముందే నిలిచిపోయి ఉన్నది.

మన విషయానికి సంబంధించిన భాగం ఇక ముందున్నది. ఏరియాన్ 5 ప్రయాణించే మార్గపు వివరాలను ఆ పరికరపు ఆవశ్యకతలలో చేర్చలేదు. చేర్చనక్కరలేదని సంబంధిత పక్షాలు కలిసే అంగీకరించినవి. ఆవశ్యకతలో లేదు కాబట్టి, కొత్త రాకెట్టు మార్గానికి అనుగుణంగా ఆ పరికరాన్ని పరీక్షించలేదు. ప్రమాదం తరువాత అసలు ప్రయాణపు అంకెలు ఇచ్చి కంప్యూటరు మీద నడిపి చూస్తే, జరిగిన తప్పు యథాతథంగా మళ్ళీ కనిపించింది. అనగా ఆ పరీక్ష చేయదగినదే.

ఇంకొక విషయం. తప్పు జరిగిన ఆ లెక్క రాకెట్టు ఎగిరిన తరువాత ఏరియాన్ 5కు అక్కరలేనిది. పాత ఏరియాన్ 4లో ఒక ప్రత్యేక అవసరం కొరకు ఎగిరిన తరువాత కూడా సుమారు 40 సెకన్లు దానిని నడిపేవారు. ఆ అవసరం కొత్త రాకెట్టులో లేకపోయినా లెక్క మాత్రం మిగిలిపోయింది. 'ఈ పనిని ఇప్పుడు ఎవరు కోరుతున్నారు?' అని వెనక్కు జాడ పట్టి ఉంటే జవాబు దొరికేది కాదు. అడగవలసిన ప్రశ్న అక్కడే తెలిసి ఉండేది.

1999: వ్రాసినా పరీక్షింపని ఆవశ్యకత

అమెరికా సంస్థ నాసా 1998 డిసెంబరు 11న మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే నౌకను అంగారక గ్రహానికి పంపింది. 1999 సెప్టెంబరు 23న అది గ్రహాన్ని చేరి, గ్రహం చాటుకు వెళ్ళి, మరల పలుకలేదు. సుమారు 226 కిలోమీటర్ల ఎత్తున పోవలసినది 57 కిలోమీటర్ల ఎత్తుకు దిగినట్లు తరువాత లెక్క తేలింది. అంత దిగువ వాతావరణంలో అది నిలువజాలదు.

కారణం కొలమానం. నౌకలోని చిన్న ఇంజన్లు ఇచ్చే తోపుడును నేల మీది ఒక సాఫ్ట్‌వేరు లెక్కించి ఫైలులో వ్రాసేది. దానిని న్యూటన్-సెకన్లలో వ్రాయవలెనని నిర్దేశ పత్రంలో స్పష్టంగా ఉన్నది. సాఫ్ట్‌వేరు మాత్రం పౌండు-సెకన్లలో వ్రాసింది. ఒక పౌండు బలం సుమారు 4.45 న్యూటన్లకు సమానం. మార్గాన్ని లెక్కించే వారు ఆ అంకెలను న్యూటన్లుగానే తీసుకొన్నారు.

మన సరిహద్దు రైతులకు ఈ చిక్కు బాగా తెలుసు. కర్ణాటక వైపు భూమిని గుంటలలో చెప్పుతారు, ఆంధ్ర, తమిళనాడు వైపు సెంట్లలో చెప్పుతారు. ఎకరానికి 40 గుంటలు, 100 సెంట్లు. గుంట అనగా రెండున్నర సెంట్లు. కాగితం మీద '20' అని మాత్రమే వ్రాసి, కొలమానం వ్రాయకపోతే అమ్మినవాడు ఒకటి, కొన్నవాడు ఒకటి అనుకొంటారు.

ఏరియాన్ విషయంలో ఆవశ్యకతే లేదు. ఇక్కడ ఆవశ్యకత ఉన్నది, నిర్దేశ పత్రంలో అచ్చయి ఉన్నది. ఆ సాఫ్ట్‌వేరు నిర్దేశానికి తగినట్లు ఉన్నదో లేదో మొదటి నుండి చివరి వరకు నడిపి చూచే పరీక్ష జరిగినట్లు కనిపించలేదని విచారణ సంఘం పేర్కొన్నది. 'ఈ వాక్యానికి ఎదురుగా ఉన్న పరీక్ష ఏది?' అని ఆ ఒక్క వరుసను అడిగి ఉంటే ఖాళీ గడి కనిపించేది.

ప్రణాళిక వేసుకొనే విధానం

జాడ లంకెలకు ప్రణాళిక వేయదలచిన వారు ఈ క్రింది అంశాలను మొదటే నిర్ణయించుకోవాలి.

సంఖ్య: ప్రతి ఆవశ్యకతకూ ఒకే సంఖ్య ఇవ్వాలి. ఆ ఆవశ్యకతను తరువాత తొలగించినా సంఖ్యను వేరొకదానికి ఇవ్వరాదు. పాత ఉత్తరాలలో, నివేదికలలో ఆ సంఖ్య మిగిలే ఉంటుంది.

ఒక వాక్యానికి ఒకే విషయం: పై ఉదాహరణలో ఆ-3, ఆ-4 మొదట ఒకే వాక్యంగా ఉన్నవని అనుకొందాము. మొదటి సగం నెగ్గి, రెండవ సగం తప్పితే ఆ గడిలో ఏమి వ్రాయాలి? అందువలన విడదీయాలి.

కొలత: 'త్వరగా ఆగవలెను' అనే వాక్యాన్ని ఎవరూ పరీక్షించలేరు. '5 సెకన్లలోపు' అంటే పరీక్షించగలరు. ఆవశ్యకతను వ్రాసే రోజుననే పరీక్షించేవారిని పక్కన కూర్చోబెట్టుకొంటే ఇటువంటి వాక్యాలు ఆనాడే సరిపడతాయి.

నిర్ధారణ పద్ధతి: అన్నిటినీ పరీక్షతోనే తేల్చలేము. ఇంజనీరింగులో నాలుగు మార్గాలు వాడుకలో ఉన్నవి. కొలిచి చూచేది పరీక్ష. లెక్క కట్టి తేల్చేది విశ్లేషణ. కంటితో, కాగితాలతో చూచేది తనిఖీ. నడిపి చూపేది ప్రదర్శన. ట్యాంకు స్తంభాలు పెనుగాలికి నిలుచునా అన్నది విశ్లేషణ వలన తేలుతుంది. చేతి మీట ఉన్నదా అన్నది తనిఖీ వలన, పని చేయుచున్నదా అన్నది ప్రదర్శన వలన తేలుతుంది. ఏ ఆవశ్యకతకు ఏ మార్గమో పట్టికలో వ్రాయాలి.

అంతస్తు: పెద్ద ప్రాజెక్టులలో వాడుకరి కోరిక, మొత్తం వ్యవస్థ ఆవశ్యకత, భాగాల రూపకల్పన, ఒక్కొక్క విడిభాగం అని మెట్లు ఉంటాయి. ప్రతి మెట్టుకూ ఎదురుగా దానికి తగిన పరీక్ష ఉంటుంది. విడిభాగానికి విడి పరీక్ష, భాగాలు కలిసినప్పుడు కూర్పు పరీక్ష, మొత్తానికి వ్యవస్థ పరీక్ష, చివరకు వాడుకరి అంగీకార పరీక్ష. ఎడమ వైపు మెట్లు దిగి కుడి వైపు మెట్లు ఎక్కినట్లు ఆంగ్ల అక్షరం 'వి' ఆకారంలో గీస్తారు కాబట్టి దీనిని వి-నమూనా అంటారు. ఏ మెట్టు నుండి ఏ మెట్టుకు లంకె వేయాలో ముందే నిర్ణయించాలి.

మూలం: ఈ ఆవశ్యకత ఎవరి నోటి నుండి వచ్చినదో వ్రాసే గడి ఒకటి ఉండాలి. సరిహద్దు ప్రాంతాలలో దీనికి మరింత విలువ ఉన్నది. రైతు కన్నడంలోనో తెలుగులోనో చెప్పుతాడు, విద్యార్థి దానిని ఆంగ్లంలో వ్రాస్తాడు. 'బోరు ఎండితే మోటారు కాలరాదు' అని రైతు చెప్పిన మాట 'నీటి మట్టం తగ్గినచో ఆపవలెను' అని మారిపోవచ్చు. రెండూ ఒకటి కావు. బోరులో నీరు ఉండీ పైపు పగిలినా పంపుకు నీరు అందదు. అసలు మాటను అదే భాషలో ఆ గడిలో ఉంచితే, తరువాత వచ్చినవారు సరిచూచుకోగలరు.

బాధ్యత: పట్టికను ఎవరు నింపాలి, ఎవరు సరిచూడాలి, ఎన్ని రోజులకు ఒకసారి చూడాలి అన్నది పేరుతో సహా నిర్ణయించాలి. అందరి పని అన్నది ఎవరూ చేయరు.

సాధనం: చిన్న ప్రాజెక్టుకు రూళ్ళ నోటుపుస్తకం గాని, ఎక్సెల్ పట్టిక గాని చాలు. వేల ఆవశ్యకతలు ఉన్నచోట డోర్స్ వంటి ప్రత్యేక సాఫ్ట్‌వేరులు వాడుతారు. సాధనం పెద్దదైనంత మాత్రాన లంకెలు మంచివి కావు.

మార్పు వచ్చినప్పుడు

జాడ లంకెల అసలు విలువ మార్పు నాడు తెలుస్తుంది. మన ఉదాహరణలో 60 సెకన్ల ఆగుదలను 120 సెకన్లకు పెంచమని కోరినారనుకొందాము. పట్టికలో ఆ-5 వరుసను చూస్తే ప-5ను తిరిగి చేయాలని తెలుస్తుంది. ప-5కు ఆ-1తో కూడా లంకె ఉన్నది కాబట్టి, ఆ-1కు సంబంధించిన ఫలితాన్ని కూడా మరల చూడాలి. వాడుకరి పుస్తకంలో వ్రాసిన అంకెను కూడా మార్చాలి. అట్లు తిరిగి చూచే వరకు ఆ లంకెలను అనుమానిత లంకెలుగా గుర్తించి ఉంచుతారు.

పట్టిక లేనివారికి రెండే దారులు మిగులుతాయి. అన్ని పరీక్షలూ మళ్ళీ చేయడం ఒకటి, ఏమీ కాదులే అని వదిలివేయడం మరొకటి. మొదటిదానికి కాలం చాలదు కాబట్టి చాలామంది రెండవదే ఎంచుకొంటారు. పాత భాగాన్ని కొత్త వస్తువులో వాడుకొనడం కూడా పెద్ద మార్పే. భాగం మారకపోయినా అది ఉన్న చోటు మారింది. ఏరియాన్ నేర్పినది ఇదే.

ప్రమాణాలలో దీని స్థానం

ప్రాణాలకు సంబంధించిన రంగాలలో జాడ లంకెలు ఐచ్ఛికం కావు. విమానాల సాఫ్ట్‌వేరుకు 1992లో వచ్చిన డీఓ-178బి, దాని స్థానంలో 2011లో వచ్చిన డీఓ-178సి ఆవశ్యకతలకు, ప్రోగ్రాముకు, పరీక్షలకు మధ్య లంకెలు చూపమని కోరుతాయి. ఏ ఆవశ్యకతకూ చెందని ప్రోగ్రాము భాగం మిగిలితే దానికి కారణం చెప్పాలి, లేదా తొలగించాలి. మోటారు వాహనాలకు 2011లో వెలువడి 2018లో సవరింపబడిన ఐఎస్ఓ 26262, వైద్య పరికరాల సాఫ్ట్‌వేరుకు 2006లో వెలువడిన ఐఈసీ 62304 కూడా ఇటువంటి నియమాలనే విధించినవి. ఈ రంగాలలో పని చేసే మన పిల్లలు రోజంతా పట్టికలు నింపుతున్నట్లు కనిపిస్తే, ఆ పట్టికలోని ఒక్కొక్క గడి ఒక ప్రయాణికునికో రోగికో ఇచ్చిన మాట అని గ్రహించాలి.

పట్టిక చేయలేని పని

లంకె ఉన్నంత మాత్రాన ఆవశ్యకత నెరవేరినట్లు కాదు. ప-3ను ఒక్క ఫేజుకే చేసి మూడింటికీ చేసినట్లు గడి నింపవచ్చు. లంకె నిజమే, పరీక్ష చాలదు. అందువలన గడి నిండినదా అని మాత్రమే గాక, ఆ పరీక్ష ఆ వాక్యాన్ని పూర్తిగా నిరూపిస్తున్నదా అని వేరొకరు చదివి చూడాలి.

శాతాలు కూడా మోసం చేయగలవు. 40 ఆవశ్యకతలలో 36కు లంకెలు ఉన్నవంటే 90 శాతం అని నివేదికలో వ్రాస్తారు. మిగిలిన 4 ఏవి అన్నదే అసలు ప్రశ్న. అవి దీపపు రంగు వంటివైతే పరవాలేదు. చేతి మీట వంటివైతే వస్తువును బయటకు పంపరాదు.

మరీ సూక్ష్మంగా లంకెలు వేయడం కూడా భారమే. ప్రతి తీగకూ, ప్రతి మరకూ లంకె వేస్తే పట్టికను నిలబెట్టుకోలేక కొంతకాలానికి వదిలివేస్తారు. నిలబెట్టుకోలేని పట్టిక తప్పుడు ధైర్యం ఇస్తుంది. ప్రాణానికి, ధనానికి హాని కలిగించగల ఆవశ్యకతలను మొదట పట్టుకోవాలి.

విద్యార్థులకు, తల్లిదండ్రులకు

చివరి సంవత్సరం ప్రాజెక్టు చేసే విద్యార్థులు ఆవశ్యకతల జాబితాను, పరీక్షల జాబితాను, రెండింటినీ కలిపే ఒక పుట పట్టికను మొదటి నెలలోనే వ్రాసుకొంటే మేలు. పని సాగిన కొద్దీ దానిని సవరించాలి. టెస్టింగు ఉద్యోగాల ఇంటర్వ్యూలలో ఆర్‌టీఎం అనగా ఏమి అని తరచుగా అడుగుతారు. నిర్వచనం అప్పజెప్పడం కంటే, "నా పట్టికలో ఈ గడి ఖాళీగా కనిపించింది, అందువలన ఈ లోపం దొరికింది" అని చెప్పగలిగిన విద్యార్థికి విషయం తెలుసునని ఎదుటివారికి అర్థమవుతుంది.

తల్లిదండ్రులు పెద్ద పదాలు తెలుసుకొనవలసిన పని లేదు. సెలవులకు ఇంటికి వచ్చిన బిడ్డను రెండు ప్రశ్నలు అడిగితే చాలు. "మీరు చేసే వస్తువులో వాళ్ళు కోరినది ఏమిటి? అది నెరవేరినట్లు ఎట్లు చూచినారు?" జవాబు వినండి. ఈసారి ఇల్లు కట్టించేటప్పుడు మేస్త్రీతో చెప్పిన పది మాటలను కూడా ఒక కాగితం మీద సంఖ్యలు వేసి వ్రాసుకోండి. ప్రతి మాటకు ఎదురుగా, దానిని ఎప్పుడు, ఎట్లు చూచుకోవాలో వ్రాయండి. మిద్దె మీద పది బిందెల నీరు పోసి చూడటానికి వానాకాలం దాకా ఆగనక్కరలేదు.